గుళికల మందు

ఆ ఏడు టార్గెట్ కొట్టినందుకు
కంపెనీ వాళ్లు మమ్మల్ని ఆఫ్రికా తీసుకెళ్లారు.
గుంటూరు జిల్లా డీలర్లం ముప్పై ఎనిమిది మందిమి,
పచ్చడి సీసాలు నలభై రెండు.
పట్నంబజారులో షట్టరు దించి
'వారం సెలవు' అని అట్టముక్క వేలాడదీస్తుంటే
పక్క విత్తనాల కొట్టు మస్తానయ్య అన్నాడు:
"సింహాన్ని చూట్టానికి అంత దూరమెందుకు,
మార్చిలో నాతో బాకీల వసూలుకు రా."

టాపు తీసిన జీపు. నడుమెత్తు గడ్డి.
పచ్చ కాదు, పసుపు కాదు, గోనె రంగు.
ముప్పయ్యేళ్లుగా నా అరచేతులకు తెలిసిన రంగు.
చూపానినంత మేరా పట్టాలు పరిచి
సరుకు పొయ్యడం మర్చిపోయినట్టుంది.

డ్రైవరు పేరు లెమయాన్. మీరేం చేస్తారని అడిగాడు.
సత్తెనపల్లి పున్నారావు, తనకొచ్చిన ఇంగ్లీషులో,
"మెడిసిన్స్" అన్నాడు.
తప్పేముంది, మందులమ్ముతాం, మందనే అంటాం.
అప్పట్నించీ మేమంతా అతనికి డాక్టర్లం.

ఒకచోట ఇంజను ఆపేశాడు.
వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.
పున్నారావు చేగోడీ నమలడం మానేశాడు,
ఆ దేశంలో నేను చూసిన మొదటి వింత అది.
గడ్డిలో ఒక ముక్క కదిలింది.
కదిలిన ముక్కకు కళ్లున్నాయి.
సివంగి.
జీపు పక్కనించే వెళ్లింది, మావైపు చూడనైనా లేదు,
బాకీ మొత్తం తీర్చేసిన రైతు
మన కొట్టు ముందునించి వెళ్లినట్టు.
వెనక మూడు పిల్లలు.
ఆఖరుది ఆగి, మా టైరు నీడను పంజాతో కొట్టి చూసి
ఏమీ కాకపోయేసరికి సిగ్గుపడి పరిగెత్తింది.

మూడోనాడు పొద్దున ఆకాశంలో గద్దల్లేవు.
లెమయాన్ మొహం చూసి ఎవరం మాట్లాడలేదు.
తుమ్మల అవతల ఒక ఆవు కళేబరం.
చుట్టూ రాబందులు, రెక్కలు విప్పుకునే పడి ఉన్నాయి
తడిసిన గొడుగులు ఆరబెట్టినట్టు.
నాలుగడుగుల్లో సివంగి.
ఈగలుండాలి కదా.
ఉన్నాయి, అవీ చచ్చి.

పుల్లతో మాంసం కదిపి చూపించాడు:
వంకాయ రంగు గింజలు, ఆవాలకన్నా సన్నం.
ఆ వాసన నా చొక్కాలకు పెళ్లినాటినించీ ఉంది.
"ఆవు మా చిన్నాన్నది" అన్నాడు.
"పదకొండుండేవి. మూడింటిని ఇది తిన్నది."
సివంగిదా తప్పు, చిన్నాన్నదా, చెప్పలేదు.
గడ్డిలో బతికున్న పిల్ల ఒకటి దొరికింది,
నోట్లో నురగ, కాళ్లు కొట్టుకుంటోంది.
"డాక్టర్" అన్నాడు నావైపు తిరిగి, "విరుగుడుందా?"

ఉంది.
లేబుల్ మీద, చీమ తలకాయంత అక్షరాల్లో.
నాకు చూడకుండా వచ్చు.
పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో
డ్యూటీ డాక్టరుకు రెండుసార్లు చదివి వినిపించాను,
ఒకసారి పెదనందిపాడు మనిషికి,
ఒకసారి అతని తమ్ముడికి.
పేరు చెప్పాను. లెమయాన్ రేడియోలో ఎవరికో చెప్పాడు.
వాళ్లు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.
పున్నారావు తన తువ్వాలు తడిపి
పిల్ల మీద కప్పాడు, మొహం కూడా.

ఫోటోలు ఐదొందలు తీశాను.
ఇంట్లో అందరూ జిరాఫీ బాగుందన్నారు.

మొన్న ఒకతను వచ్చాడు, మిట్ట మధ్యాహ్నం.
"గుళికలు" అన్నాడు.
ఏ పైరుకంటే చెప్పలేదు.
ఎన్నెకరాలంటే గోడ మీది క్యాలెండరు చూశాడు.
చెప్పుల్లేవు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి.
ర్యాకు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుని
గరగరలాడే ఫ్యాను ఆపేశాను.
స్టూలు జరిపాను.
అతని గోళ్లలో మట్టి తప్ప
ఇంకేదీ చూడనట్టు కూర్చున్నాను.
చాలాసేపటికి మొదలుపెట్టాడు,
చేను గురించి కాదు.

బాకీల పుస్తకం చంకన పెట్టుకుని
మస్తానయ్య గుమ్మంలోంచి ఏదో అరవబోయాడు.
వేలు పెదవి మీద పెట్టుకున్నాను.